బాండ్ ఆరకముందే లైట్ పెడితే: వేడి గాలి, లైట్ క్యూర్, కాంపోజిట్ వార్మర్ ఏది ఎక్కడ పనికొస్తుంది

ఒక డెంటిస్ట్ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఫిల్లింగ్‌ని పంటికి అతికించే బాండ్‌లలో ఇథనాల్, నీళ్ళు కలిసిన యూనివర్సల్ రకం వాడుతున్నారు. 20 సెకన్లు రుద్దుతున్నారు, 5 సెకన్లు గాలి ఊదుతున్నారు, 10 సెకన్లు లైట్ పెట్టి గట్టిపరుస్తున్నారు (క్యూర్). లీఫ్‌లెట్‌లో ఉన్నదీ అదే. అయినా వెనక పళ్ళలో క్లాస్ టూ ఫిల్లింగ్ (పక్క పంటిని ఆనుకునే గోడని కలుపుకునేది) చేసిన వారానికే చన్నీళ్ళకి జివ్వుమంటోందని పేషెంట్లు తిరిగొస్తున్నారు. కొన్నిటికి ఏడాది తిరగకముందే బాక్స్ (ఆ పక్క గోడలో తవ్విన గుంత) అడుగున అంచు నల్లబడుతోంది. గాలిని వేడి చేసి ఊదితే మేలా, కాంపోజిట్‌ని (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం) వెచ్చబెట్టే వార్మర్ కొనాలా, లైట్‌ని 3 సెకన్ల హై పవర్ మోడ్‌లోకి మార్చాలా?

వేడి గాలి మీ రకం బాండ్‌కి పనికొస్తుంది. వార్మర్ వల్ల అంచు బాగా కూర్చుంటుంది, బాండ్‌కి మాత్రం దానివల్ల ఒరిగేది తక్కువ. 3 సెకన్ల మోడ్ బాండ్ మీద వద్దు. అయితే మీరు రాసిన వరసలో నాకు అనుమానంగా కనిపించేది ఈ మూడూ కాదు, ఆ 5 సెకన్ల గాలి. లైట్ పెట్టే క్షణానికి బాండ్‌లో నీళ్ళు, ఇథనాల్ ఎంత మిగిలాయన్నది ముందు తేలాలి. అవి లోపల ఉండగా ఎంత మంచి లైట్ పెట్టినా నానిన రెసిన్‌నే (బాండ్‌లో గట్టిపడే పదార్థం) గట్టిపరిచినట్టవుతుంది.

పంటి పైపొర ఎనామిల్ దగ్గర పేచీ లేదు. బరువులో 96 శాతం ఖనిజమే. 1955లో బ్యూనకోర్ ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఎనామిల్‌ని గరుకు చేసి రెసిన్ అతికించి చూపించాడు. ఇప్పుడు మనం వాడేది 32 నుంచి 37 శాతం జెల్. 15–30 సెకన్లు ఉంచి, బాగా కడిగి, సుద్దలా తెల్లబడేదాకా ఆరబెడితే అయిపోయింది. అక్కడ ఎంత ఎండబెట్టినా నష్టం లేదు. దాని కింద ఉండే డెంటిన్ సంగతి వేరు. బరువులో 70 శాతం ఖనిజం, 20 శాతం దాకా కొలాజెన్ అనే ప్రోటీన్ నారలు ప్రధానంగా ఉన్న సేంద్రియ పదార్థం, మిగిలిన 10 శాతం నీళ్ళు. దాని సన్నని గొట్టాల్లోంచి పల్ప్ (పంటి లోపల నరం, రక్తనాళాలు ఉన్న మెత్తటి భాగం) వైపు నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. యాసిడ్ తాకిన డెంటిన్‌లో ఖనిజం పోయి, కొన్ని మైక్రాన్ల లోతున కొలాజెన్ వల ఒక్కటే మిగులుతుంది. రెసిన్ ఆ వలలోకి దిగి అక్కడే గట్టిపడితే ఏర్పడేదే హైబ్రిడ్ లేయర్. 1982లో నకబయాషి బృందం వర్ణించింది ఈ పొరనే.

ఆ వల నీళ్ళలో ఉన్నంతసేపే విచ్చుకుని ఉంటుంది. పెయింట్ బ్రష్‌ని నీళ్ళలో ముంచి చూడండి, వెంట్రుకలు విడివిడిగా తేలతాయి. బయటికి తీయగానే ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. ఎచ్ చేసి (యాసిడ్ పూసి) కడిగిన డెంటిన్ మీద గాలి గట్టిగా కొడితే జరిగేదీ అదే. అంటే ఒకే త్రీ-వే సిరంజి (గాలి, నీళ్ళు ఊదే గొట్టం) గాలి బాండ్ వెయ్యక ముందు చెడగొడుతుంది, బాండ్ వేశాక కాపాడుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. కడిగాక హోరుమని ఊది, బాండ్ మీద మాత్రం ‘ఎగిరిపోతుందేమో’ అని భయపడుతూ రెండు సెకన్లు ఊది ఆపేస్తారు. బాండ్ వేశాక వలలో రెసిన్ ఉంటుంది కాబట్టి అది అంత తేలిగ్గా కూలదు. అప్పుడు భయపడాల్సింది తడి మిగిలిపోతుందనే.

ఇప్పుడు వేడి ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. ఎసిటోన్ 56 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఇథనాల్ 78 దగ్గర, నీళ్ళు 100 దగ్గర. 25 డిగ్రీల గదిలో వీటి ఆవిరి పీడనం వరసగా సుమారు 230, 59, 24 మిల్లీమీటర్ల పాదరసం. అంటే ఎసిటోన్ దానంతట అదే పరిగెత్తి పోతుంది, ఇథనాల్‌ని కొంచెం తోస్తే కదులుతుంది, నీళ్ళు మొరాయిస్తాయి. పైగా బాండ్‌లోని హీమా అనే మోనోమర్ (లైట్‌కి గొలుసులా అల్లుకుని గట్టిపడే చిన్న అణువు) నీళ్ళని పట్టుకుని ఉంటుంది, తేలిగ్గా వదలదు. ఊదే కొద్దీ ద్రావకం (ఇథనాల్, నీళ్ళు) తగ్గి మోనోమర్ చిక్కబడుతుంది, చిక్కబడిన కొద్దీ మిగిలిన నీళ్ళు ఇంకా నెమ్మదిగా బయటికి వస్తాయి. అందుకే మొదటి 5 సెకన్లలో పోయేది ఎక్కువ, ఆ తర్వాత ప్రతి చుక్కకీ కష్టపడాలి. గాలి వేడెక్కితే లెక్క మారుతుంది. నీటి ఆవిరి పీడనం 25 డిగ్రీల దగ్గర 24 ఉంటే 40 డిగ్రీల దగ్గర 55 అవుతుంది, 60 దగ్గర 149. ల్యాబ్‌లో పీకిన పళ్ళ మీద 50–60 డిగ్రీల గాలితో చేసిన పరీక్షల్లో ఇథనాల్, నీళ్ళు ఉన్న బాండ్‌లకి బలం పెరిగిందని, నానోలీకేజ్ (అతుకులోని అతిసన్న సందుల్లోంచి కారడం) తగ్గిందని వచ్చింది ఇందువల్లే. ఎసిటోన్ బాండ్‌లకి ఆ లాభం అంతగా కనిపించదు. అక్కడ వేడి గాలి లేకపోయినా ఎసిటోన్ ఎటూ వెళ్ళిపోతుంది.

నీళ్ళు మిగిలిపోతే ఏమవుతుంది? లైట్ పడగానే గట్టిపడటాన్ని మొదలుపెట్టే కాంఫోర్‌క్వినోన్, దాని జోడీ అమీన్, బిస్-జీఎంఏ లాంటి పెద్ద మోనోమర్లు నీళ్ళతో పొసగనివి. తడి ఎక్కువున్న చోట అవి పక్కకి తప్పుకుంటాయి, హీమా ఒక్కటే మిగులుతుంది. అక్కడ లైట్ పడినా గొలుసు సరిగ్గా అల్లుకోదు. పైనుంచి చూస్తే మెరుస్తూ గట్టిగానే ఉంటుంది, లోపల మాత్రం సన్నని నీటి దారులు ఉంటాయి. పల్ప్ వైపు నుంచి ఊరే నీరు ఆ దారుల్లోంచి కాంపోజిట్ దాకా వచ్చి చేరుతుంది. ఒక్క సీసాలో వచ్చే బాండ్‌లు గట్టిపడ్డాక కూడా నీటిని కొంత పారనిస్తాయని టే, పాష్లీ అనే పరిశోధకుల బృందాలు చూపించాయి. నమిలినప్పుడు ఆ నీరు కదిలితే నరానికి తెలుస్తుంది. మీ పేషెంట్లు చెప్పే ‘జివ్వు’కి సగం కారణం ఇదే అయ్యుండొచ్చు. మిగతా సగానికి పల్ప్ పరిస్థితి, ఎత్తుగా ఉన్న ఫిల్లింగ్ లాంటివీ చూడండి. చల్లటిది తీసేయగానే తగ్గితే బాండ్ వైపు వెతకండి. కొరికితేనే నొప్పి అంటే ముందు కార్బన్ పేపర్ పెట్టి చూడండి. చల్లటిది తీసేశాక కూడా నిమిషాల తరబడి లాగుతుంటే అది బాండ్‌తో తేలే విషయం కాదు.

సిరంజితో ఎలా ఊదాలో దగ్గరగా చూద్దాం. ముందు గాలి శుభ్రంగా ఉందో లేదో చూడాలి. శుభ్రమైన అద్దం మీద 10 సెకన్లు ఊదండి. మబ్బులా మసక పట్టినా, నూనె చుక్క కనిపించినా కంప్రెసర్ ఫిల్టర్, ట్యాంక్‌లో చేరిన నీళ్ళు చూసుకోకుండా బాండ్ మాట ఎత్తొద్దు. వానాకాలంలో, సముద్ర తీరపు ఊళ్ళలో ట్యాంక్‌లోని నీళ్ళు రోజూ వదలాలి. బటన్ నొక్కిన మొదటి క్షణంలో సిరంజి నుంచి నీటి తుంపర వస్తుంది, దాన్ని సక్షన్‌లోకో గాజుగుడ్డ మీదకో వదిలేసి అప్పుడు పంటి వైపు తిప్పండి.

బాండ్ వేశాక సిరంజిని రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టి మెల్లగా మొదలుపెట్టండి. ఇథనాల్ బాండ్ అయితే మొదట ఉపరితలం మీద అలలు కనిపిస్తాయి, చెరువు మీద గాలి వీచినట్టు. ఆ అలలు కదులుతున్నంతసేపు లోపల ద్రావకం ఉన్నట్టే. ఊదుతూ ఉంటే అల నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది, చివరికి సన్నని వార్నిష్ పొరలా, కదలకుండా మెరుస్తూ నిలుస్తుంది. అప్పుడు ఆపాలి. సాధారణ చల్లగాలితో దీనికి మామూలుగా 10–15 సెకన్లు పడుతుంది. లీఫ్‌లెట్‌లోని 5 సెకన్లు సమతలంగా ఉన్న చోటకి సరిపోతాయేమో కానీ, లోతైన బాక్స్ మూలల్లో అల ఆగదు. మొదట్లోనే దగ్గర నుంచి గట్టిగా కొడితే మధ్యలో పొర అంతా ఎగిరిపోయి, మూలల్లో, మ్యాట్రిక్స్ బ్యాండ్ (ఫిల్లింగ్‌కి గోడలా చుట్టే రేకు) అడుగున గుంటలా చేరుతుంది. అలా చేరిన బాండ్ తర్వాత ఎక్స్‌రేలో నల్లగీతలా కనిపిస్తుంది. అది మళ్ళీ పుచ్చిందేమోనని మరో డాక్టర్ ఆ ఫిల్లింగ్ పీకి పడేస్తారు. గుంట కట్టిన బాండ్‌ని పొడి మైక్రోబ్రష్‌తో అద్దేసి మళ్ళీ ఊదండి.

పొర మరీ పలచబడినా ముప్పే. గాలిలోని ఆక్సిజన్ తాకిన పైభాగం కొన్ని మైక్రాన్ల లోతు దాకా గట్టిపడదు. పొర మొత్తం మందమే 5–10 మైక్రాన్లు అయితే అందులో గట్టిపడే భాగం ఎంత మిగులుతుందో ఆలోచించండి. రుద్దేటప్పుడు రెండు పొరలు వెయ్యండి, మధ్యలో లైట్ పెట్టకుండా, రెండోదాని తర్వాత ఊదండి. మెల్లగా మొదలుపెట్టాలన్న మాటకి హీమా లేని, ఎసిటోన్ ఉన్న జీ-బాండ్ లాంటివి మినహాయింపు. ఎసిటోన్ పోతుండగానే రెసిన్, నీళ్ళు వేరై బుడగల్లా తేలుతాయి. అందుకే తయారీదారే అక్కడ 5 సెకన్లు పూర్తి ఒత్తిడితో గాలి కొట్టమంటాడు. మెల్లగా ఊదితే ఆ బుడగలు బాండ్‌లోనే గట్టిపడి మిగిలిపోతాయి. ‘ఎప్పుడూ మెల్లగా ఊదాలి’ అని అందరికీ ఒకే మంత్రం చెప్పేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. మీ సీసా ఏ రకమో ముందు తేల్చుకోండి: ప్రైమ్ అండ్ బాండ్ ఎన్‌టీ ఎసిటోన్, సింగిల్ బాండ్ 2 ఇథనాల్-నీళ్ళు, స్కాచ్‌బాండ్ యూనివర్సల్ కూడా ఇథనాల్-నీళ్ళే.

వేడి గాలి వాడాలనుకుంటే దాని కోసం తయారైన టూత్ డ్రైయర్ వాడండి. హెయిర్ డ్రైయర్ వద్దు. ల్యాబ్ పరీక్షల్లో దాన్ని వాడారు నిజమే, కానీ అక్కడ దూరం కొలిచి, ఉష్ణోగ్రత కొలిచి, పీకిన పంటి మీద వాడారు. నోట్లో అది పెదవినీ చిగురునీ కాలుస్తుంది, దుమ్ము తెస్తుంది, పైగా దాని గాలి పంటి దగ్గరకొచ్చేసరికి ఎంత వేడిగా ఉందో మీకు తెలియదు. డ్రైయర్ మూతి దగ్గర ఎంత ఉన్నా, పంటి మీద పడే చోట 40 డిగ్రీలు దాటకపోవడం నా లెక్కలో సరైన హద్దు. కొలవడానికి ఒక మామూలు థర్మోకపుల్ మీటర్ చాలు, మూతికి పంటికి మధ్య ఉంచే దూరంలోనే పెట్టి 10 సెకన్లు చూడండి. మత్తు ఇవ్వని పంటి మీద 45 డిగ్రీల దగ్గరకి వెళితే పేషెంట్ ఎగిరిపడతాడు. మత్తు ఇచ్చిన పంటి మీద ఎగిరిపడడు, అదే ఇంకా ప్రమాదం. మొదట 5 సెకన్లు మామూలు గాలితో పొరని పరిచి, తర్వాత 10 సెకన్లు వేడి గాలి ఆపకుండా అటూ ఇటూ తిప్పుతూ ఊదడం బాగుంటుంది. మొదటి నుంచే వేడి కొడితే పైన తోలు కట్టి కింద తడి ఉండిపోతుంది. ఎచ్ చేసి కడిగిన డెంటిన్‌ని బాండ్ వెయ్యకముందే వేడి గాలితో ఆరబెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, ముఖ్యంగా ఎసిటోన్ బాండ్ వాడేవాళ్ళు.

బాటిల్‌ని వేడి చేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. కాంపోజిట్ వార్మర్‌లో బాండ్ సీసా పెట్టొద్దు. మూత తీసిన ప్రతిసారీ ద్రావకం ఎగిరిపోయి బాండ్ చిక్కబడుతుంది. హీమా ఆవిరి పీల్చడం మీకూ మంచిది కాదు. హీమా గ్లవ్స్‌లోంచి కూడా చర్మాన్ని తాకుతుంది, ఒకసారి పడకపోవడం మొదలైతే ఇక జన్మంతా వదలదు. ఊదేటప్పుడు హై వాక్యూమ్ సక్షన్ పంటి పక్కనే ఉంచాలన్నది కూడా ఇందుకే. ఫ్రిజ్‌లోంచి తీసిన బాండ్‌ని మాత్రం గది ఉష్ణోగ్రతకి రానివ్వాలి. అరగంట ముందే బయట పెట్టండి. చల్లగా ఉన్న బాండ్ చిక్కగా ఉంటుంది, కొలాజెన్‌లోకి దిగదు, ద్రావకమూ కదలదు. మన దగ్గర దీనికి రెండో వైపు కూడా ఉంది. మేలో రామగుండం, విజయవాడ ఎండల్లో, కరెంటు పోయి ఏసీ ఆగిన క్లినిక్‌లో రాత్రంతా టేబుల్ మీద ఉన్న సీసా లేబుల్ మీద రాసిన 25 డిగ్రీలనో 28 డిగ్రీలనో ఎప్పుడో దాటేసి ఉంటుంది. సాయంత్రం క్లినిక్ మూసేటప్పుడు ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున తీయడం అలవాటు చేసుకోండి. చుక్కని గిన్నెలో పోసేది రుద్దడానికి సరిగ్గా ముందే. ఎచింగ్ మొదలుపెట్టినప్పుడే పోసి పెడితే వాడే సమయానికి అందులో ద్రావకం సగం పోయి ఉంటుంది, పైగా డెంటల్ చైర్ లైట్‌కి గట్టిపడటం కూడా మొదలవుతుంది.

రబ్బర్ డ్యామ్ (పంటికి ఉమ్మి తగలకుండా కట్టే రబ్బరు షీటు) లేకుండా ఈ లెక్కలేవీ నిలవవు. పేషెంట్ వదిలే ఊపిరి వెచ్చగా, తేమతో నిండిపోయి ఉంటుంది. మీరు ఊదిన తడిని ఊపిరి మళ్ళీ తెచ్చి పెడుతుంది. కాటన్ రోల్స్‌తోనే పని కానిచ్చే చోట కనీసం సక్షన్‌ని ఊపిరికి అడ్డంగా పెట్టండి. చిగురు రక్తం, ఉమ్మి తాకితే మళ్ళీ కడగడమే మార్గం. లైట్ పెట్టకముందు తాకితే కడిగి, ఆరబెట్టి, బాండ్ మొదటి నుంచీ వెయ్యండి. పెట్టాక తాకితే కడిగి ఆరబెట్టి, బాండ్ మరో పొర వేసి మళ్ళీ క్యూర్ చెయ్యండి.

ఇక లైట్. కాంఫోర్‌క్వినోన్ 468 నానోమీటర్ల దగ్గర ఎక్కువగా స్పందిస్తుంది. నీలి ఎల్ఈడీ లైట్లు దాదాపు 450–470 మధ్య ఇస్తాయి కాబట్టి సరిపోతుంది. కొన్ని బాండ్‌లలో, తెల్లటి షేడ్ కాంపోజిట్లలో అదే పని చేసే టీపీఓ ఉంటుంది, దానికి 400 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే ఊదారంగు కాంతి కావాలి. మీది ఒకే తరంగం ఇచ్చే ఎల్ఈడీ అయితే లీఫ్‌లెట్‌లో ఆ పేరు ఉందేమో చూసుకోండి. ఇక శక్తి లెక్క సులువే: చదరపు సెంటీమీటరుకి ఎన్ని మిల్లీవాట్లు, ఎన్ని సెకన్లు. 1000 మిల్లీవాట్ల లైట్‌ని 10 సెకన్లు పెడితే 10 జౌళ్లు. కానీ ఆ 1000 అన్నది టిప్ పంటిని ఆనుకుని ఉంటేనే. క్లాస్ టూ బాక్స్ అడుగు టిప్‌కి 6–8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, మధ్యలో కస్ప్ (పంటి పైన ఉండే మొన) అడ్డం. చాలా లైట్లలో ఆ దూరానికి కాంతి సగానికి పడిపోతుంది. కొన్నిట్లో అంతకన్నా తక్కువ. టిప్ కొంచెం వాలితే బాక్స్ గోడ నీడే అడుగు మీద పడుతుంది. మీరు 10 జౌళ్లు ఇచ్చామనుకుంటారు, చేరేది 4–5. ఫిల్లింగ్ మొట్టమొదట లీకయ్యేది అక్కడే, అంటే చిగురు దగ్గర అంచున. పైగా అక్కడ ఎనామిల్ పలచన, ఒక్కోసారి అసలుండదు.

అందుకే బాక్స్ ఉన్న ప్రతి ఫిల్లింగ్‌కి బాండ్‌ని 10 కాదు, 20 సెకన్లు క్యూర్ చెయ్యమని చెబుతాను. ఒక సీసా బాండ్‌లని లేబుల్ చెప్పిన దానికన్నా ఎక్కువసేపు క్యూర్ చేస్తే గొలుసులు ఇంకా గట్టిగా అల్లుకుని నీటిని పారనిచ్చే గుణం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఆ అదనపు 10 సెకన్లకి రూపాయి ఖర్చు లేదు. టిప్ వెడల్పు 7 మిల్లీమీటర్లే ఉండి, కింది మొదటి మోలార్ 11 మిల్లీమీటర్లు ఉంటే ఒక్కచోట పెట్టి మొత్తం క్యూరైందనుకోవద్దు. మీసియల్ (ముందు) వైపు ఒకసారి, డిస్టల్ (వెనక) వైపు ఒకసారి పెట్టండి. ఆరెంజ్ అద్దాలు పెట్టుకుని, లైట్ ఎక్కడ పడుతోందో చూస్తూ, చేత్తో బిగించి పట్టుకోండి. తల పక్కకి తిప్పుకుని పట్టుకుంటే చెయ్యి జారి పక్క పంటికి క్యూర్ చేస్తారు. టిప్ మీద ఎండిపోయిన కాంపోజిట్ ఉంటే గీకెయ్యండి. రేడియోమీటర్ (లైట్ బలం కొలిచేది) చూపే అంకెని నమ్మి మరో లైట్‌తో పోల్చొద్దు, ఎందుకంటే టిప్ వెడల్పుని బట్టి అది మారుతుంది. మీ లైట్‌నే వారం వారం చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. కొత్తగా ఉన్నప్పటి అంకె స్టాండ్ మీద రాసి పెట్టుకోండి.

3 సెకన్ల మోడ్ గురించి. 3000 మిల్లీవాట్లు, 3 సెకన్లు అంటే 9 జౌళ్లు, దాదాపు 10 సెకన్ల మామూలు మోడ్‌తో సమానం కదా అని లెక్క వేస్తారు. కాగితం మీద సమానమే. కానీ ఒక్కసారిగా రాడికల్స్ (గొలుసుని మొదలుపెట్టే చురుకైన అణువులు) కుప్పతెప్పలుగా పుడితే ఒకదాన్నొకటి కొట్టుకుని ఆరిపోయేవే ఎక్కువ, గొలుసు పొడవుగా సాగదు. చెయ్యి జారినా నష్టం పెద్దది. 20 సెకన్లలో ఒక సెకను పక్కకి పోతే 5 శాతం, 3 సెకన్లలో ఒక సెకను పోతే మూడో వంతు. బాండ్ లీఫ్‌లెట్‌లో ఆ మోడ్‌కి ప్రత్యేకంగా అనుమతి రాసి ఉంటే తప్ప ముట్టుకోవద్దు.

పైగా వేడి. ఫిల్లింగ్ మొత్తం పనిలో పల్ప్‌కి లైట్ వేడి ఎక్కువగా తగిలేది బాండ్ క్యూర్ చేసేటప్పుడే, ఎందుకంటే అప్పుడు గుంత ఖాళీగా ఉంటుంది, అడ్డుగా కాంపోజిట్ లేదు, కింద మిగిలింది పలచటి డెంటిన్. 1965లో జాక్, కోహెన్ కోతుల పళ్ళ మీద చేసిన పరీక్షలో పల్ప్ 5.5 డిగ్రీలు వేడెక్కితే 15 శాతం పళ్ళలో పల్ప్ కోలుకోలేదు. ఇవాళ్టికీ హద్దుగా చెప్పుకునే అంకె అదే. మత్తుమందులో అడ్రినలిన్ ఉంటే పల్ప్‌లో రక్త ప్రవాహం తగ్గి, వేడిని లాక్కెళ్ళే దారి కూడా తగ్గుతుంది. లోతైన గుంతలో ఆ 20 సెకన్లని పదేసి చొప్పున రెండుగా చేసి, మధ్యలో కొన్ని సెకన్లు ఆగండి. లైట్ వెలుగుతుండగా అసిస్టెంట్ పక్క నుంచి మామూలు గాలి మెల్లగా ఊదుతుంటే ఇంకా మంచిది. పల్ప్‌కి అర మిల్లీమీటరు దగ్గరకి వెళ్ళిన చోట ముందు లైనర్ (పల్ప్‌ని కాపాడే పలచటి పొర) వెయ్యండి. వేడి గాలి, పెద్ద లైట్ రెండూ ఒకే లోతైన గుంతలో, ఒకదాని వెంట ఒకటి వద్దు. అలాంటి చోట గాలిని చల్లగానే ఎక్కువసేపు ఊదండి.

వార్మర్ సంగతి. కాంపోజిట్‌ని 54 లేదా 68 డిగ్రీల దాకా వేడి చేస్తే జారుగా అవుతుంది, గోడలకి చక్కగా అతుక్కుంటుంది, మూలల్లో గాలి బుడగలు తగ్గుతాయి, గొలుసు కొంచెం ఎక్కువగా అల్లుకుంటుంది. కానీ వార్మర్ నుంచి బయటికి తీసిన క్షణం నుంచీ అది చల్లారుతూనే ఉంటుంది. 60 డిగ్రీలకి వేడెక్కిన కాంపోజిట్ 2 నిమిషాల్లో ఆ పెరిగిన వేడిలో సగం, 5 నిమిషాల్లో 90 శాతం పోగొట్టుకుంటుందని దరోంచ్ బృందం కొలిచింది. కాబట్టి క్యాప్స్యూల్‌ని గన్‌లో పెట్టి, 15–20 సెకన్లలో బాక్స్‌లో వదలగలిగితేనే ఆ పెట్టుబడికి అర్థం. స్పాచులాతో తీసి, ముద్ద చేసి, మ్యాట్రిక్స్ సరిచేసి, అప్పుడు పెడితే అది మామూలు కాంపోజిటే. పల్ప్ గురించి ఇక్కడ అంత భయం అక్కర్లేదు. వెచ్చటి కాంపోజిట్ వల్ల పల్ప్ దాదాపు ఒక డిగ్రీ లోపే వేడెక్కుతుంది, లైట్ తెచ్చే వేడి దానికన్నా చాలా ఎక్కువ. అన్ని బ్రాండ్లూ వేడికి ఒకేలా కరగవు. మీరు కొన్నదాన్ని ముందు గాజు పలక మీద చిన్న ముద్ద పెట్టి చూసుకోండి. గొలుసు ఎక్కువగా అల్లుకుంటే కుంచించుకోవడమూ ఎక్కువే కాబట్టి, వేడి చేశాం కదా అని 4 మిల్లీమీటర్లు ఒకేసారి నింపొద్దు, మెటీరియల్ బల్క్ ఫిల్ (ఒకేసారి మందంగా నింపే రకం) అయితే తప్ప 2 మిల్లీమీటర్లకి మించొద్దు. ఒక హెచ్చరిక: బాండ్‌ని క్యూర్ చెయ్యకుండా వెచ్చటి కాంపోజిట్‌ని దాని మీద నొక్కి, రెండిటినీ కలిపి ఒకేసారి క్యూర్ చేసే అలవాటు ఫిల్లింగ్‌లలో మానెయ్యండి. నొక్కుడుకి పలచటి బాండ్ పక్కకి జరిగిపోతుంది, ఆ లోతుకి కాంతీ అందదు.

లైట్, గాలి సరిచేసినా అతకకపోతే ఇంకోచోట వెతకాలి. తాత్కాలికంగా జింక్ ఆక్సైడ్ యూజినాల్ పెట్టిన పళ్ళు ఒకటి, యూజినాల్ రాడికల్స్‌ని మింగేస్తుంది. బ్లీచింగ్ చేసిన పళ్ళకి ఒకటి రెండు వారాలు ఆగాలి, లోపల మిగిలిన ఆక్సిజన్ క్యూరింగ్‌ని అడ్డుకుంటుంది. రూట్ కెనాల్‌లో హైపోక్లోరైట్ వాడిన డెంటిన్‌దీ అదే కథ. అక్కడ 10 శాతం సోడియం ఆస్కార్బేట్ ఆ దెబ్బని చాలావరకు తిప్పికొడుతుంది. రక్తం ఆపడానికి ఫెర్రిక్ సల్ఫేట్ పూసిన చోట బాగా కడగకపోతే బాండ్ సరిగ్గా పట్టదు. కోర్ బిల్డప్‌కి (బాగా పోయిన పంటి మధ్యభాగాన్ని కట్టడానికి) డ్యూయల్ క్యూర్ (లైట్‌తోనూ, రసాయనంతోనూ గట్టిపడే) కాంపోజిట్ వాడుతూ, కింద ఆమ్లంగా ఉండే ఒక సీసా బాండ్ వేస్తే, ఆ ఆమ్లం కాంపోజిట్‌లోని అమీన్‌ని చంపేస్తుంది, లైట్ అందని చోట అది ఎప్పటికీ గట్టిపడదు. దానికి తయారీదారు ఇచ్చే యాక్టివేటర్ కలపాలి.

మీ చేతి కింద ఏం జరుగుతోందో కళ్ళతో చూడాలంటే గాజు స్లయిడ్ చాలు. మీ బాండ్ చుక్కలు నాలుగు పక్కపక్కన వెయ్యండి. ఒకదాన్ని 5 సెకన్లు చల్లగాలితో, ఇంకోదాన్ని 15 సెకన్లు చల్లగాలితో, మూడోదాన్ని 5 చల్ల, 10 వెచ్చటి గాలితో ఊదండి, నాలుగోదాన్ని అసలు ఊదొద్దు. అన్నిటినీ 20 సెకన్లు క్యూర్ చేసి, పైనున్న జిగురుని స్పిరిట్ అద్దిన గాజుగుడ్డతో తుడిచి, ప్రోబ్‌తో గీరి చూడండి. ఊదనిది మైనంలా లేచొస్తుంది. 5 సెకన్లదాని మధ్యలో ప్రోబ్ గాడి పడుతుంది. మిగతా రెండూ గాజులా గీసుకుపోతాయి. వాటి మధ్య తేడా మీ గది తేమని బట్టి, మీ సీసాని బట్టి ఉంటుంది. ఆ రెండూ ఒకేలా ఉంటే వేడి గాలి డ్రైయర్ కొనాల్సిన పనిలేదు, 15 సెకన్ల ఓపిక చాలు. స్లయిడ్ మీద కొలాజెన్ లేదు, పల్ప్ నుంచి ఊరే నీరూ లేదు కాబట్టి పంటి మీద ఫలితం దీనికన్నా బాగుంటుందని మాత్రం అనుకోవద్దు. రేపటి కేసుల్లో ఒక్కసారే అన్నీ మార్చకుండా మొదట గాలి 15 సెకన్లు, లైట్ 20 సెకన్లు చెయ్యండి. ఎనామిల్ అంచుల మీద మాత్రమే విడిగా 15 సెకన్లు ఎచ్ చేసి, డెంటిన్‌ని బాండ్‌కే వదిలెయ్యండి. అలా ఓ ఇరవై ఫిల్లింగ్‌లు చేసి, చన్నీళ్ళ ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో కేసు షీట్‌లో రాసుకుని, అప్పుడు డ్రైయర్, వార్మర్ ధరలు కనుక్కోండి.